మెట్టసీమ నుండి మోటుపల్లికి: నౌకాచరిత్రకు శిలాసాక్ష్యము

నార్కట్‌పల్లి నుండి బయలుదేరిన అద్దంకి బాట నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా సాగి, వాడపల్లి కడ కృష్ణను దాటి అద్దంకి సీమను చేరును. దానికి తూర్పున, సముద్రతీరమున మోటుపల్లి కలదు. మెట్టసీమకును ఆ రేవునకును గల సంబంధము నేటి బాటతో పుట్టినది కాదు. సముద్రమునకు దూరముగా ఓరుగంట నుండి ఏలిన కాకతీయులు తీరమునెట్లు వశపరచుకొనిరో, ఎట్లు కాపాడిరో తెలుపు రెండు శాసనములను మేమిచట కలిపి పరిశీలింపదలచితిమి.

మొదటిది 1213 నాటి జాయపసేనాని చేబ్రోలు శాసనము. గణపతిదేవుని సేనలు వెలనాటిని గెలిచి దివిని వశపరచుకొన్న వృత్తాంతమిందు కలదు. దివి కృష్ణాముఖమున నీటి నడుమ నున్న ద్వీపము. దానిని గెలుచుటకు నేలపై నడచు సేన మాత్రమే చాలదు. నీటిని దాటు సాధనములును వలయును.

రెండవది 1244-45 నాటి మోటుపల్లి అభయశాసనము. గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును పూర్వరాజులు బలిమిని గైకొనెడివారు. గణపతిదేవుడు నియతమగు సుంకమును మాత్రము గైకొని, తక్కినదెల్ల వర్తకులకే విడిచెను. దీనిని వాణిజ్యశాసనముగనే చదువుట వాడుక. కాని తీరముపై అధికారము లేనివాడు ఓడలకు అభయమీయజాలడు. దివి విజయమును, మోటుపల్లి అభయమును ఒకే చరిత్రయందలి రెండు ఘట్టములని మా అభిప్రాయము. రేవును గెలుచుట మొదటిది. దానిని నమ్మదగినదిగా జేయుట రెండవది.

ఇక సంరక్షణము మాట. 1969లో నౌకాదళమున చేరి 2001లో విశ్రాంతి గొన్న కుర్సురా జలాంతర్గామి 2002 నుండి విశాఖపట్టణ తీరమున ప్రదర్శనశాలయై యున్నది. ఉక్కు ఓడను ఒడ్డునకు చేర్చి నిలుపగలిగితిమి. కాకతీయుల నాటి కొయ్య ఓడలనట్లు నిలుపజాలము. వానికి బదులు మనకు మిగిలినది అక్షరమే. ఆలయస్తంభములకు సున్నము, రంగులు పూయుటచేతను, ఇసుకధారతో కడుగుటచేతను ఆ అక్షరములు మరుగుపడును, అరిగిపోవును. శిలను స్వస్థానముననే కాపాడుట, అక్షరములకు ప్రతిబింబములు తీయుట, వానిని పూర్వప్రతులతో సరిచూచుట తక్షణకర్తవ్యములు.

పరిశోధకవిద్యార్థులు నల్లగొండ చెంతనున్న పానగల్లు ప్రదర్శనశాలలోని శాసనములతో లిపిపరిచయము చేసికొని, అదే బాటను మోటుపల్లికి సాగుదురుగాక. గ్రంథములలోని పాఠమును శిలయెదుట నిలిచి చదివినపుడే, ఏ అక్షరము నిలిచెనో, ఏది చెరిగెనో తేటపడును.