పాత చీర, చెరువు నీళ్లు, కలరా
"గుడ్డతో వడకడితే రోగం ఆగుతుందా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. కలరా విషయంలో కొంత ఆగుతుంది.

బంగ్లాదేశ్‌లోని మత్లబ్ పల్లెల్లో వంటచెరకు కరువై, నీళ్లు మరిగించుకోలేని ఇళ్లెన్నో. అక్కడ డాక్టర్ రీటా కాల్‌వెల్ బృందం పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి వడకట్టడం నేర్పింది. 2003లో వెలువడిన ఫలితాల్లో కలరా 48 శాతం తగ్గింది.

నిజానికి కలరా క్రిమి గుడ్డ సందుల్లోంచి దూరిపోయేంత చిన్నది. కానీ అది చెరువు నీటిలోని సన్నని పురుగులను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పురుగులు మడతల్లో చిక్కుతాయి. ఉతికి ఉతికి పోగులు విచ్చుకున్న పాత నూలు చీరే కొత్తదానికంటే మేలు.

విడిగా ఉన్న క్రిములు, ఫ్లోరైడ్ మాత్రం ఆగవు. పొయ్యికి లోటులేని ఇంట్లో వడకట్టాక మరిగించాల్సిందే. గుడ్డను వాడిన ప్రతిసారీ జాడించి ఎండలో ఆరవేయండి.