లేవన్నారు... గనిలో దొరికాయి!

మీ ఇంట్లో పొలానికి చల్లే డీఏపీ ఎక్కడి నుంచి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? దాని తయారీకి కావాల్సిన ఫాస్ఫేట్ మన దగ్గర చాలినంత లేదు. దిగుమతి చేసుకునే దేశాల్లో మొరాకో ముఖ్యమైనది. అక్కడి ఖురిబ్గా ప్రాంతం ఒకప్పుడు సముద్రం అడుగు. ఫాస్ఫేట్ తవ్వుతుంటే ప్రాచీన జీవుల పళ్లు, ఎముకలు కుప్పలుగా బయటపడతాయి. వాటిలో కొన్ని సన్నటి ఎముకలు, పాఠ్యపుస్తకాల దాకా వెళ్లిన ఓ నమ్మకాన్ని తిరగేశాయి.

టెరోసార్లంటే డైనోసార్ల కాలంలో ఆకాశాన్ని ఏలిన సరీసృపాలు. చాలామంది వీటిని ఎగిరే డైనోసార్లంటారు. కాదు, దగ్గరి చుట్టాలంతే. క్విజ్‌లో అడిగితే పొరపడకండి! 6.6 కోట్ల ఏళ్ల కిందట, క్రెటేషియస్ యుగం చివర గ్రహశకలం ఢీకొన్నప్పుడు ఇవి అంతరించాయి. అయితే అప్పటికే పక్షుల పోటీకి తట్టుకోలేక రకాలన్నీ తగ్గిపోయాయని, అజ్డార్కిడ్ల కుటుంబం ఒక్కటే మిగిలిందని చాలాకాలం అనుకున్నారు. అంటే గ్రహశకలం తీసింది కొన ఊపిరే అన్నమాట.

2018లో నికొలస్ లాంగ్రిచ్, డేవిడ్ మార్టిల్, బ్రయన్ ఆండ్రెస్ మొరాకో ఎముకలను పరిశీలించి వేరే లెక్క చెప్పారు. ఒకటి కాదు, మూడు కుటుంబాలు. ఏడు జాతులు! రెక్కల చాపు రెండు మీటర్ల నుంచి తొమ్మిది మీటర్లు దాటేదాకా. రెక్క ఎముకల కొలతలు ఒకదానితో ఒకటి పోలవు. ఎగిరే తీరు, తిండి వెతుక్కునే తీరు వేర్వేరుగా ఉండేవనడానికి అదే ఆధారం. వీటిలో ఒక జాతి ఏ కుటుంబానిదన్న వాదన ఇప్పటికీ ఉంది. అయినా అసలు విషయం మారదు. టెరోసార్లు నీరసించి పోలేదు, నిండుగా బతుకుతూ ఒక్కసారిగా పోయాయి.

మరి అన్నాళ్లూ ఎందుకు కనబడలేదు? ఎముకలు బోలుగా, గోడలు పలచగా ఉంటాయి. రాయిగా మారేలోపే నలిగిపోతాయి. పైగా ఆ కాలపు రాళ్లు సరిగ్గా దొరికే చోట్లు తక్కువ. దొరకనిదాన్ని లేనిదనుకున్నారు, అంతే.

ఇక ఆ పెద్దవాటి సంగతి. 1971లో డగ్లస్ లాసన్ అనే పీజీ విద్యార్థి టెక్సస్‌లోని బిగ్ బెండ్ పార్కులో ఓ పేద్ద రెక్క ఎముక చూశాడు. అదే క్వెట్జాల్‌కోట్లస్. రెక్కలు చాపితే పది మీటర్లు, నిలబడితే జిరాఫీ అంత! రెక్కలు మడిచి నాలుగు కాళ్ల మీద నడుస్తూ, కొంగలాగా కింద దొరికిన చిన్న ప్రాణులను ముక్కుతో ఏరుకు తినేదని శాస్త్రవేత్తల అంచనా. ఇందులోనే మరో చిన్న జాతికి 2021లో లాసన్ పేరు పెట్టారు. పీజీలో చేసిన ఫీల్డ్ వర్క్‌కు యాభై ఏళ్ల తర్వాత దక్కిన గుర్తింపు!

మన దగ్గరా ఆ కాలం ఆనవాళ్లున్నాయి. రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో దక్కన్ లావా పొరల మధ్య దొరికిన సూక్ష్మ శిలాజాల ఆధారంగానే క్రెటేషియస్ ముగింపును గుర్తించారు. అక్కడివి టెరోసార్లు కావు, మైక్రోస్కోపులో మాత్రమే కనిపించే సముద్ర జీవుల పెంకులు.

ఈ దారిలో వెళ్లాలంటే ఎమ్మెస్సీ జియాలజీ మొదటి మెట్టు. ఆంధ్ర, ఉస్మానియా యూనివర్సిటీల్లో ఉంది. తర్వాత యూపీఎస్సీ కంబైండ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరొచ్చు. నిజం చెప్పాలంటే అక్కడ ఎక్కువ పని మ్యాపింగ్, ఖనిజాల అన్వేషణే. శిలాజాలే కావాలనుకుంటే సీఎస్ఐఆర్ నెట్ ఎర్త్ సైన్సెస్ రాసి పీహెచ్‌డీ వైపు చూడండి. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ పనంతా ప్రాచీన జీవుల మీదే. డిగ్రీలో ఉన్నవాళ్లు మాత్రం ఈసారి ఫీల్డ్ ట్రిప్ నోటీసు పెట్టగానే పేరిచ్చేయండి.