మీకు తెలుసా? గెలుపు గుర్రాలు, జెండా మోసేవాళ్లు

టికెట్లు పంచే వేళ ప్రతి పార్టీ వెతికేది గెలుపు గుర్రాన్నే. ఈసారికి గట్టెక్కితే చాలు, తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంటుంది. ఆ ‘తర్వాత’ ఎలా ఉంటుందో పల్నాడు చాలాసార్లు చూసింది.

◆ ఇందిరాగాంధీని కాంగ్రెస్ నుంచి బహిష్కరించింది నరసరావుపేట ఎంపీయే!
1977 లోక్‌సభ ఎన్నికల్లో దేశంలో కాంగ్రెస్ అధికారం పోగొట్టుకున్నా, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లకు 41 గెలిచింది. పల్నాడులోని నరసరావుపేటలో నెగ్గిన మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి ఆ ఏడాదే పార్టీ జాతీయ అధ్యక్షుడయ్యారు. 1978 జనవరిలో పార్టీ చీలింది, ఇందిరపై వేటు పడింది. పార్టీ ఒక్కరి గుప్పిట్లో ఉండకూడదన్నది రెడ్డి వర్గం వాదన. మరుసటి నెలలోనే అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు తమవైపే ఉన్నా రెడ్డి కాంగ్రెస్‌కు దక్కినవి 30 సీట్లే. రెండు నెలలైనా నిండని ఇందిరా కాంగ్రెస్‌కు 175 వచ్చాయి. ఇవాళ్టి చేయి గుర్తు ఆ చీలికలో పుట్టిందే. బ్రహ్మానందరెడ్డి కూడా చివరికి ఇందిర పార్టీలోనే చేరి 1980లో నరసరావుపేట నుంచి మళ్లీ ఎంపీ అయ్యారు.

◆ ఆ 175 సీట్లకు ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు
గెలిపించింది ఢిల్లీ కాబట్టి ముఖ్యమంత్రిని మార్చడమూ ఢిల్లీ చేతిలోనే ఉండేది. చెన్నారెడ్డి, అంజయ్య, గుంటూరు జిల్లావాడైన భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరసగా వచ్చారు. ఎవరికీ రాష్ట్రంలో పార్టీని నిలబెట్టే వ్యవధి దొరకలేదు. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. తొమ్మిది నెలలకే, 1983 జనవరి ఎన్నికల్లో, కాంగ్రెస్ 60 సీట్లకు పడిపోయింది. కాసు వారి కోట అనుకున్న నరసరావుపేటలో ఆనాడు గెలిచిన కొత్త ముఖం డాక్టర్ కోడెల శివప్రసాదరావు. 1999 వరకు అక్కడ వరసగా ఐదుసార్లు ఆయనే నెగ్గారు. కాంగ్రెస్‌కు ఆ అసెంబ్లీ సీటు తిరిగి దక్కింది 2004లోనే.

◆ పొత్తులో 34, విడిగా 2
1994లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకున్న సీపీఐకి 19, సీపీఎంకు 15 అసెంబ్లీ సీట్లు వచ్చాయి. 1999లో ఆ పొత్తు లేదు. సీపీఎంకు రెండు దక్కాయి, సీపీఐకి ఒక్కటీ రాలేదు. 2004లో కాంగ్రెస్ పక్కన నిలబడితే మళ్లీ సీట్లు కనిపించాయి. 2009లో తిరిగి తెలుగుదేశం వైపు వచ్చినా రెంటికీ కలిపి ఐదే. పొత్తులో వచ్చిన సీట్లు సొంత బలం కావు. పైగా పొత్తు కోసం పోటీ మానుకున్న నియోజకవర్గాల్లో జెండా పట్టుకునే మనిషి కూడా క్రమంగా మాయమవుతాడు.

◆ నరసరావుపేట లోక్‌సభకు ముగ్గురు నెల్లూరువాళ్లు
1999లో కాంగ్రెస్ ఇక్కడ నేదురుమల్లి జనార్దనరెడ్డిని దించింది, గెలిచింది. 2004కు ఆయన విశాఖపట్నం వెళ్లిపోయారు. ఈసారి మేకపాటి రాజమోహన్‌రెడ్డి వచ్చారు, ఆయనా గెలిచారు. 2009కి ఆయన నెల్లూరు వెళ్లిపోయారు. రెండుసార్లూ లెక్క తప్పలేదు గానీ ఆ సీటులో కాంగ్రెస్ మళ్లీ గెలవలేదు.
మూడో వ్యక్తి 2024లో వచ్చారు. సిట్టింగ్ ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలును వైఎస్సార్ కాంగ్రెస్ గుంటూరుకు మారమంది. ఆయన పార్టీ వదిలి తెలుగుదేశం టికెట్ తెచ్చుకున్నారు. నెల్లూరు నుంచి తీసుకొచ్చిన అనిల్ కుమార్ యాదవ్ ఆయన చేతిలో ఓడిపోయారు. ఈ లోక్‌సభ స్థానం కిందికొచ్చే అసెంబ్లీ సీట్లు పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల. 2019లో ఏడుకు ఏడూ వైఎస్సార్ కాంగ్రెస్‌వే. 2024లో ఏడుకు ఏడూ తెలుగుదేశానివి. అభ్యర్థుల బదిలీ ఒక్కటే దీనికి కారణం కాదు. కానీ ఐదేళ్లు ఒక నాయకుడి వెంట తిరిగిన కార్యకర్త, ఎన్నికల ముందు కొత్త నాయకుడికి ఊళ్ల పేర్లు చెప్పాల్సి వస్తే మనసుపెట్టి పనిచేయడం కష్టం.

◆ 23 తీసుకుంటే 23 మిగిలాయి
2014లో 102 సీట్లతో గెలిచిన తెలుగుదేశం, అది చాలదన్నట్టు వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలను చేర్చుకుంది. వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. అనర్హత పిటిషన్లు సభ గడువు ముగిసేదాకా తేలలేదు. అప్పటి స్పీకర్, సత్తెనపల్లి నుంచి గెలిచిన కోడెల. సభలో బలం పెరిగింది. ఊళ్లలో మాత్రం పాత ఇన్‌చార్జికి, కొత్తగా వచ్చిన ఎమ్మెల్యేకు మధ్య పేచీలు మొదలయ్యాయి. 2019లో తెలుగుదేశానికి సరిగ్గా 23 సీట్లే వచ్చాయి. సత్తెనపల్లిలో కోడెల కూడా ఓడిపోయారు. అంకెలు కలవడం కాకతాళీయమే. కేడర్ మనసు విరగడం మాత్రం కాకతాళీయం కాదు.

◆ ఒకే నిర్ణయం, రెండు ఫలితాలు
2009లో ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 33 మంది ఎంపీలు. 2014లో రాష్ట్ర విభజన చేసిన ఆ పార్టీకి ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ సీట్లలో ఒక్కటీ రాలేదు. తెలంగాణలో 119కి 21 వచ్చాయి. అక్కడా అధికారం టీఆర్‌ఎస్ పాలైంది. తెలంగాణలో ఆ నిర్ణయం ఫలించడానికి దాదాపు పదేళ్లు పట్టింది: 2023లో 64 సీట్లు. ఆంధ్రలో మాత్రం 2019, 2024లోనూ సున్నాయే.
తేడా ఎక్కడుంది? తెలంగాణలో ఓడినా కార్యకర్తలు చాలామంది పార్టీలోనే ఉన్నారు. ఆంధ్రలో నాయకులూ కార్యకర్తలూ మూకుమ్మడిగా వేరే జెండాల కిందికి వెళ్లిపోయారు. గుంటూరులో కాంగ్రెస్ ఎంపీగా ఉన్న రాయపాటి సాంబశివరావే 2014లో నరసరావుపేట నుంచి తెలుగుదేశం ఎంపీగా గెలిచారు. ఓటమిని పార్టీ తట్టుకోగలదు, బూత్‌లో కూర్చునే మనిషి ఉంటే. ఆ మనిషిని పోగొట్టుకుని తెచ్చుకున్న గెలుపు ఎక్కువ కాలం నిలిచిన దాఖలా పల్నాట కనబడదు.