బాల యేసు చెంత పిట్ట ఎందుకు?

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, ఉఫిజి మ్యూజియంలో రఫాయెల్ గీసిన బొమ్మ ఒకటి ఉంది. సుమారు 1506 నాటిది. ఆరుబయట యేసు తల్లి మరియమ్మ పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఆమె మోకాళ్ల మధ్య బాల యేసు, పక్కన అతని బంధువైన చిన్నారి యోహాను. యోహాను చేతుల్లో ఓ పిట్ట. యేసు దాని తల నిమురుతున్నాడు. ఏదో పిల్లలాట అనుకుంటాం. కాదు!

అది గోల్డ్‌ఫించ్. ముళ్ల మొక్కల గింజలు తింటుంది, ముఖం ఎర్రగా ఉంటుంది. సిలువ వేసే ముందు యేసు తలపై ముళ్ల కిరీటం పెట్టారు కదా? అందులోని ముల్లును ఈ పిట్ట పీకబోతే రక్తపు చుక్క చింది ముఖం ఎర్రబడిందని యూరప్‌లో ఓ కథ. కథే అనుకోండి, కానీ చిత్రకారులకు భలే పనికొచ్చింది. ఈ బిడ్డ పెద్దయ్యాక పడబోయే బాధను ఒక్క ముక్క రాయకుండా చెప్పేశారు.

పిట్టకే కాదు, రంగుకూ అర్థముంది. మరియమ్మ పైవస్త్రం నీలం. అది స్వర్గానికి గుర్తు. పైగా ఆ కాలంలో మేలైన నీలం కావాలంటే ఆఫ్ఘనిస్థాన్ నుంచి వచ్చే లాపిస్ లాజులి రాయిని నూరాల్సిందే. చాలా ఖరీదు. అంత ఖర్చు పెట్టడమూ భక్తే మరి.

ఓసారి ఈ బొమ్మ ఉన్న ఇల్లు కూలి, ఇది ముక్కలైంది. అప్పుడే అతికించారు. మన కాలంలో దాదాపు పదేళ్లు శ్రమించి చేసిన మరమ్మతు 2008లో పూర్తయింది.