అదే థర్మామీటరు, అదే మంచు. గైడు ఎందుకు వద్దన్నాడు?



కిందటి సంక్రాంతి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు నన్ను చూడటానికి వచ్చాడు. బెజవాడలో నా దగ్గర పదో తరగతి చదువుకున్నవాడు. ఇప్పుడు స్విట్జర్లండులో ఇంజనీరు. కాఫీ తాగుతూ, "మాస్టారూ, మీ కోసం ఒక ప్రశ్న దాచి తెచ్చాను" అన్నాడు. విదేశాల నుంచి వచ్చేవాళ్ళు చాక్లెట్లు తెస్తారు. వీడు ప్రశ్న తెచ్చాడు. నాకైతే ఇదే బాగుంది.

ఆల్ప్స్ పర్వతాల్లో ఫ్రాన్సు దేశపు షామొనీ నుంచి స్విట్జర్లండులోని జెర్మాట్ దాకా మంచు మీద స్కీలతో సాగే ఒక ప్రసిద్ధమైన దారి ఉంది. దాన్ని 'ఓత్ రూత్' అంటారు. ఎత్తయిన దారి అని అర్థం. 1903లో షామొనీకి చెందిన మిషెల్ పాయో అనే డాక్టరు కొందరు గైడులతో కలిసి ఈ కొండల్లో స్కీల మీద ప్రయాణించాడు. ఈనాడు అది ఆరేడు రోజుల ప్రయాణం. పగలు కొండ ఎక్కి దిగడం, రాత్రికి కొండల మీదనే కట్టిన రాతి బసలో పడుకోవడం, తెల్లవారకముందే లేచి మరో బసకు బయలుదేరడం. స్విస్ ఆల్పైన్ క్లబ్బు వారివే ఇలాంటి బసలు నూటయాభై దాకా ఉన్నాయి. వరుసగా పరచిన పరుపులు, వేడి సూపు, తడి మేజోళ్ళు ఆరేసుకునే గది, అంతే సౌకర్యం. మనవాడు అక్కడ ఎనిమిదేళ్ళుగా ఉంటూ స్కీయింగు బాగా నేర్చుకుని, ఏప్రిల్ ఆఖరున ఒక గైడు వెంట మరో అయిదుగురితో కలిసి బయలుదేరాడట.

ఇక అతని ప్రశ్న వినండి.

"ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు బస బయటి థర్మామీటరు 1 డిగ్రీ సెంటిగ్రేడు చూపింది. బయలుదేరాం. ఏ ఇబ్బందీ లేదు. మర్నాడు 2,928 మీటర్ల ఎత్తున ఉన్న 'డీస్' బసలో లేచాం. థర్మామీటరు చూస్తే అదే 1 డిగ్రీ. వాన లేదు, గాలి లేదు. గైడు బయటికి వెళ్ళి చేతికర్రతో మంచును రెండు పోట్లు పొడిచాడు. ఆకాశం కేసి చూశాడు. 'ఇవాళ పైకి పోవడం లేదు, కిందికి దిగుతున్నాం' అన్నాడు. మాకందరికీ ఒళ్ళు మండింది. అంత డబ్బు పోసి వచ్చాం గదా! అదే ఉష్ణోగ్రత, అదే మంచు. నిన్న సరే అన్నవాడు ఇవాళ ఎందుకు వద్దన్నాడు మాస్టారూ?"

మీరేమంటారు? జవాబు చదవకముందు ఒక నిమిషం ఆలోచించండి.

ముందు మంచు సంగతి కొంత చెప్పుకోవాలి. మనకు మంచు అంటే ధనుర్మాసంలో గడ్డివాముల మీద కురిసేది. కృష్ణా డెల్టాలో వరి కోసిన చేలో చల్లిన మినుము నేలలో మిగిలిన తేమతోనూ, ఆ మంచుతోనూ పండుతుందని మన రైతులు అంటారు. ఆల్ప్స్ లోని మంచు వేరు. అది గట్టి స్ఫటికాల పొర. రాత్రి గడ్డ కడుతుంది, పగలు మెత్తబడుతుంది. మనకు 28 డిగ్రీలయినా 32 డిగ్రీలయినా పెద్ద తేడా తెలియదు. బందరు రోడ్డు అలాగే ఉంటుంది. అక్కడ సున్నాకు ఒక డిగ్రీ కింద నేల ఒక పదార్థం, ఒక డిగ్రీ పైన మరో పదార్థం!

ఇది మీకు బాగా తెలిసిన ఆటతోనే చెబుతాను. కృష్ణ ఇసుకలో పిచ్చుకగూళ్ళు కట్టారు కదా? పొడి ఇసుక నిలవదు. కాస్త తడి ఇసుక చక్కగా నిలుస్తుంది. అదే గూటి మీద చెంబెడు నీళ్ళు కుమ్మరిస్తే? కుప్పకూలుతుంది. రేణువుల మధ్య కొద్దిపాటి నీరు జిగురులా పనిచేస్తుంది, ఎక్కువ నీరు ఆ పట్టును విడదీస్తుంది. మంచు రేణువులూ అంతే. పగటి ఎండకు కరిగిన నీరు రేణువుల మధ్యకు దిగి పట్టు సడలిస్తుంది. రాత్రి ఆ నీరే మళ్ళీ గడ్డకడితే రేణువులన్నీ సిమెంటు వేసినట్టు అతుక్కుపోతాయి. అలా బిగిసిన మంచు మీద తెల్లవారుజామున భయం లేకుండా నడవవచ్చు. అందుకే ఈ యాత్రలో అందరూ చీకటితో లేచి, మధ్యాహ్నం లోపల రెండో బస చేరుకుంటారు.

ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల గుప్తోష్ణం కావాలని మీరు పాఠంలో చదివారు. పైన బిగిసిన పొర సూర్యుడు రాగానే కరిగిపోకుండా కొన్ని గంటలు నిలబడేది ఈ 80 కేలరీల చలవ వల్లనే. పైగా కొత్త మంచు తన మీద పడే వెలుగులో నూటికి 80 నుంచి 90 వంతులు తిప్పికొడుతుంది. నల్లకళ్ళద్దాలు లేకపోతే కళ్ళు దెబ్బతినేది అందుకే. పాత మంచు, తడిసిన మంచు అంతగా తిప్పికొట్టవు. అందువల్ల తడిసినకొద్దీ మరింత త్వరగా కరుగుతాయి.

సరే, గైడు దగ్గరకు వద్దాం. థర్మామీటరు 1 డిగ్రీ అన్నది. సున్నాకు పైన ఉన్నప్పుడు మొదటి రోజైనా మంచు ఎలా బిగిసింది? అసలు చిక్కుముడి ఇదే.

థర్మామీటరు చెప్పింది గాలి ఉష్ణోగ్రత. మంచు ఉపరితలం ఉష్ణోగ్రత అది కాదు. ప్రతి వస్తువూ కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో వేడిని బయటికి పంపుతూనే ఉంటుంది. దీన్ని వికిరణం అంటాం. వెలుగును తిప్పికొట్టడంలో అంత తెల్లగా ఉండే మంచు, ఈ పరారుణ కిరణాల విషయంలో దాదాపు నల్లటి వస్తువులా ప్రవర్తిస్తుంది! అంటే వేడిని చాలా బాగా విడుదల చేస్తుంది. నిర్మలమైన ఆకాశం ఉంటే ఆ వేడిలో చాలా భాగం పైకి పోతుంది, తిరిగి వచ్చేది తక్కువ. అందుచేత గాలి 1 డిగ్రీ ఉన్నా మంచు ఉపరితలం సున్నాకు చాలా కిందికి చల్లబడుతుంది. కరిగిన నీరు గడ్డకడుతుంది.

మబ్బు పట్టిందనుకోండి. మబ్బు కూడా కిందికి వేడిని వికిరణం చేస్తుంది. మంచు పంపిన దానిలో ఎక్కువ భాగం తిరిగి ముట్టుతుంది. చలిరాత్రి దుప్పటి కప్పినట్టే. పైపొర చల్లబడదు, పగలు కరిగిన నీరు నీరుగానే ఉండిపోతుంది. గైడు కర్ర పోటుకు మంచు 'టక్'మనలేదు. కర్ర మెత్తగా లోపలికి దిగింది. తలెత్తి చూస్తే నక్షత్రాలు లేవు. నిన్నటి రాత్రి ఆకాశం తేటగా ఉంది, ఇవాళ మబ్బు. ఇక ఆయనకు థర్మామీటరుతో పనేముంది?

"నక్షత్రాలు కనబడ్డాయా ఆ రోజు?" అని అడిగాను. మావాడు కొంచెంసేపు ఆలోచించి, "మొదటి రోజు కనబడ్డాయి మాస్టారూ, రెండో రోజు చూడలేదు" అన్నాడు. చూడలేదట! ఇంజనీరు గదా, మీటరు చూశాడు.

పట్టు సడలిన మంచు మీద ఎక్కితే ఏమవుతుందో ఇప్పుడు చెప్పాలి. మీ జామెట్రీ పెట్టెలోంచి రెండు మూలమట్టాలూ బయటికి తీయండి. ఒకదానిలో 30 డిగ్రీల కోణం, రెండోదానిలో 45 డిగ్రీల కోణం ఉన్నాయి. మంచుచరియలు ఎక్కువగా విరిగిపడే వాలు సరిగ్గా ఈ రెండింటి మధ్యనే ఉంటుంది. అంతకన్నా తక్కువ వాలులో మంచు చాలావరకు కదలదు; మరీ నిటారుగా ఉంటే పేరుకునే అవకాశమే తక్కువ. విచిత్రమేమంటే స్కీలతో జారడానికి సరదాగా ఉండే వాలు కూడా ఇంచుమించు ఇదే.

మంచు ఒకే రోజు కురవదు కాబట్టి పొరలు పొరలుగా ఉంటుంది. మంచు పొరలలో గాలి చిక్కుకుని ఉంటుంది కనుక అది అధమ ఉష్ణవాహకం. మన చేపల వ్యాపారులు ఐసు దిమ్మలకు ఊక కప్పినట్టే ననుకోండి. అందువల్ల పైన సున్నాకు 15 డిగ్రీల కింద ఉన్నా, అడుగున నేలను ఆనుకున్నచోట దాదాపు సున్నా ఉంటుంది. ఈ తేడా వల్ల అడుగు నుంచి నీటి ఆవిరి పైకి ప్రయాణించి, మధ్యలో పలుకులు పలుకులుగా స్ఫటికాలు తయారవుతాయి. చేత్తో పట్టుకుంటే పంచదారలా జారిపోతాయి. ఆ పంచదార పొర మీద గట్టి పలక ఒకటి కూర్చుంటే, ఒక్క మనిషి బరువుకు మొత్తం వాలు విరిగి కదలవచ్చు.

ఇంట్లో చేసి చూడండి. ఒక పీట మీద గోనెగుడ్డ బిగించి, దానిపై పంచదార పలుచగా చల్లండి. ఆ పైన బియ్యప్పిండి రెండు సెంటీమీటర్ల మందాన పరచి అరచేత్తో అదమండి. పీట ఒక కొస మెల్లగా ఎత్తుతూ, మూలమట్టంతో కోణం చూసుకుంటూ, పై అంచు దగ్గర స్కేలుతో పిండిలో అడ్డంగా గీత గీయండి. పిండి పలకలుగా విరిగి జారుతుంది. పంచదార లేకుండా మళ్ళీ చేసి, ఏ కోణం దగ్గర జారిందో పోల్చండి. పిండి వృథా అయిందని ఇంట్లో కోప్పడితే నా పేరు చెప్పండి.

కాబట్టి యాత్రికులందరూ ఒంటి మీద ఒక చిన్న రేడియో పరికరం కట్టుకుంటారు. అది 457 కిలోహెర్ట్జ్ వద్ద సంకేతాలు పంపుతూ ఉంటుంది. మీ తాతగారు మీడియం వేవ్ మీద విజయవాడ రేడియో కేంద్రాన్ని 837 కిలోహెర్ట్జ్ వద్ద వినేవారే, దానికి కొంచెం దిగువన అన్నమాట. ఎవరైనా మంచు కింద పడిపోతే మిగిలినవారు ఆ సంకేతాన్ని పట్టి, పొడవాటి కడ్డీతో పొడిచి చూసి, పారతో తవ్వుతారు. పది నిమిషాల్లోపల తీయగలిగితే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. అరగంట దాటితే మూడో వంతుకు పడిపోతుంది. బయటినుంచి సహాయం వచ్చేంత వ్యవధి లేదు. వెంట ఉన్నవాళ్ళే తవ్వాలి.

మరి మెత్తటి మంచులో మనిషి దిగబడకుండా స్కీలు ఎలా కాపాడుతాయి? లెక్క సులభమే. మనిషి, సంచీ కలిసి 80 కిలోలు. రెండు బూట్ల అడుగుభాగం 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే పీడనం చదరపు సెంటీమీటరుకు 133 గ్రాములు. రెండు స్కీల వైశాల్యం సుమారు 3,000 చదరపు సెంటీమీటర్లు. పీడనం 27 గ్రాములకు దిగుతుంది. ఎక్కేటప్పుడు స్కీ అడుగున ఒక రోమాల పట్టీ అతికిస్తారు. పిల్లి వీపును తల నుంచి తోకకు నిమిరితే చెయ్యి జారుతుంది, ఎదురు నిమిరితే ఆగుతుంది. పట్టీ కూడా అలాగే ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. ఒకప్పుడు సీలు చర్మం వాడేవారు, ఇప్పుడు నైలాను, మొహేరు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. బరువు వల్ల మంచు కరిగి స్కీ జారుతుందని నేను చాలా ఏళ్ళు పాఠం చెప్పాను. పై లెక్కే చూడండి. 27 గ్రాములంటే వాతావరణ పీడనంలో సుమారు నలభయ్యో వంతు మాత్రమే. మంచు ద్రవీభవన స్థానం ఒక్క డిగ్రీ తగ్గాలంటే సుమారు 130 వాతావరణాల పీడనం కావాలి! బౌడెన్, హ్యూజ్ అనే శాస్త్రజ్ఞులు 1939లో ఆల్ప్స్ లోనే ప్రయోగాలు చేసి, ఘర్షణ వల్ల పుట్టే వేడి ముఖ్యమని చూపారు. మంచు ఉపరితలం మీద సహజంగానే పలుచని ద్రవం లాంటి పొర ఉంటుందని ఫారడే 1850లోనే ఊహించాడు. నా పాత విద్యార్థులెవరైనా ఇది చదివితే దిద్దుకోవాలి.

డీస్ బస నుంచి తరువాతి బస 'వీన్యెత్'కు పోయే ఆ దారి గురించి మరో సంగతి చెప్పక తప్పదు. 2018 ఏప్రిల్ 29న పద్నాలుగుమంది ఆ దారిలో తుఫానులో చిక్కుకున్నారు. గాలికి, మంచుకు దారి కనబడలేదు. రాత్రంతా బయటే గడపవలసి వచ్చింది. ఏడుగురు చనిపోయారు, గైడు కూడా వారిలో ఉన్నాడు. వీన్యెత్ బస అక్కడికి అర కిలోమీటరు దూరంలోనే ఉంది. మన ఒంటిని అంటుకుని వెచ్చని గాలిపొర ఒకటి ఉంటుంది. వేసవిలో ఫ్యాను దాన్ని చెదరగొడితే మనకు హాయి. అక్కడ ఈదురుగాలి చేసిన పనీ అదే, రాత్రంతా ఆగకుండా.

మావాడి గైడుకు ఈ సంగతి తెలియకుండా ఉండదు. ఆయన తన బృందాన్ని నిచ్చెనలున్న ఒక కనుమ మీదుగా అరొల్లా అనే ఊరికి దించాడు. అక్కడినుంచి బస్సు, రైలు ఎక్కి జెర్మాట్ చేరారట. "చివరి రోజు నడక పోయింది మాస్టారూ" అని మావాడికి ఇంకా కొంచెం దిగులే. మళ్ళీ ఏప్రిల్ లో వెళతాడట, అదే గైడుతో.

మంచు చూడటానికి మీరు ఆల్ప్స్ దాకా పోనక్కరలేదు, గైడు చూసిన ఆకాశాన్ని మీ డాబా మీదనే చూడవచ్చు. జనవరిలో మబ్బు, గాలి లేని ఒక రాత్రి రెండు స్టీలు పళ్ళేలు తీసుకోండి. ఒకటి ఆరుబయట పెట్టండి. రెండోది పక్కనే నవారు మంచం కింద పెట్టండి. తెల్లవారి సూర్యుడు రాకముందే వెళ్ళి, వేలితో రాసి చూడండి. ఏది తడిసిందో, ఏది పొడిగా ఉందో రాసుకోండి. మబ్బు పట్టిన రాత్రి మళ్ళీ పెట్టండి.