ఈత, సైకిలు, పరుగు: ట్రయాథ్లాన్‌కు పూనుకొనే ముందు

ఈత, సైకిలు, పరుగు – ఈ మూడూ మన పల్లెలకు క్రొత్తవి కావు. బావిలో ఈత నేర్చినవారు, మైళ్ళ దూరం సైకిలు త్రొక్కి బడికి వెళ్ళినవారు, పరుగు పందెంలో నెగ్గినవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటిగా, నడుమ విశ్రాంతి లేకుండా ముగించే పోటీకి ట్రయాథ్లాన్ అని పేరు. ఉద్యోగరీత్యా బెంగుళూరుకో, చెన్నైకో వెళ్ళిన కుమారుడో కుమార్తెయో ఈ సాధనకు పూనుకొన్నామని ఫోనులో చెప్పినప్పుడు ఇంటి పెద్దలకు సహజంగా రెండు సందేహాలు కలుగుతాయి. ఒకటి, ఇందులో ప్రాణాపాయం ఉన్నదా? రెండు, దీనికెంత ఖర్చు? ఈ రెండింటికీ సమాధానం తెలియాలంటే ముందు ఆ పోటీ స్వరూపం తెలియాలి.

పోటీ పుట్టుక

1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియేగో నగరంలో, మిషన్ బే తీరాన, ఒక పరుగు సంఘం వారు ఈ పోటీని తొలిసారి ఆ పేరుతో నిర్వహించారు. పాల్గొన్నవారు 46 మంది. వారిలో నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ కూడా ఉన్నారు. ఆ దంపతులే తరువాత హవాయి ద్వీపాలలో ‘ఐరన్‌మ్యాన్’ అనే సుదీర్ఘ పోటీకి అంకురార్పణ చేశారు. 1978 ఫిబ్రవరి 18న జరిగిన ఆ మొదటి పోటీకి 15 మంది బయలుదేరగా 12 మంది గమ్యం చేరారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో ముగించి విజేతగా నిలిచాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌తో ట్రయాథ్లాన్ ఒలింపిక్ క్రీడల సరసన చేరింది. 2019 అక్టోబరులో గోవాలో మన దేశపు తొలి ‘ఐరన్‌మ్యాన్ 70.3’ పోటీ జరిగింది.

దూరాలు నాలుగు విధాలు

అన్నిటికన్నా చిన్నది స్ప్రింట్: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం దీనికి సరిగా రెట్టింపు. మూడవది 70.3: ఈత 1.9, సైకిలు 90, పరుగు 21.1 కిలోమీటర్లు. ఈ మూడింటి మొత్తాన్ని మైళ్ళలో లెక్కించగా వచ్చినదే ఆ అంకె. నాలుగవది పూర్తి దూరం: 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపై 42.2 కిలోమీటర్ల మారథాన్ పరుగు. ఇదంతా సాధారణంగా 17 గంటలలోపు పూర్తికావాలి.

ఔత్సాహికులను ఐదేసి సంవత్సరాల వయోవర్గాలుగా విభజిస్తారు. కనుక నలభై ఏళ్ళ గృహిణి ఇరవై ఏళ్ళ యువతితో పోటీపడనక్కరలేదు. అమెరికాకు చెందిన క్రైస్తవ సన్యాసిని మడోనా బుడర్ 2012లో 82వ ఏట పూర్తి దూరం ముగించారు. జపాను దేశీయుడు హిరోము ఇనాదా 2018లో హవాయి పోటీని 85వ ఏట 16 గంటల 53 నిమిషాలలో పూర్తిచేశారు. వయసు అడ్డు కాదనడానికి ఇవి నిదర్శనాలే. అయితే వీరి వెనుక ఏళ్ళ తరబడి సాగిన సాధన ఉన్నదని మరువరాదు.

ప్రమాదం ఎక్కడ?

పెద్దలు సాధారణంగా సైకిలు ప్రమాదాలకు భయపడతారు. శిక్షణ రోడ్లపై ఆ భయం న్యాయమైనదే. పోటీ రోజున మాత్రం అసలు గండం నీటిలో ఉన్నది. అమెరికాలో 1985 నుండి 2016 వరకు జరిగిన ట్రయాథ్లాన్లను వైద్యులు పరిశీలించగా, పోటీలలో సంభవించిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు కలిపి 135 లెక్కకు వచ్చాయి. వాటిలో 90 ఈత సమయంలోనే జరిగాయి. బాధితులలో నూటికి 85 మంది పురుషులు. సగటు వయసు 47 ఏళ్ళు. పాల్గొన్నవారిలో లక్షకు ఇద్దరికన్నా తక్కువ మందికే ఇట్లు జరిగినందున దీనిని చూసి బెదరనక్కరలేదు. కాని శవపరీక్ష జరిగిన 61 మందిలో 27 మందికి గుండె, రక్తనాళాల లోపాలు బయటపడిన సంగతి గమనించదగినది. నలభై దాటినవారు, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, గుండెదడ ఎరిగినవారు, రక్తసంబంధీకులలో చిన్న వయసున ఆకస్మిక మరణం సంభవించినవారు మొదట వైద్యుని సంప్రదించాలి.

బావిలో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ఈదగలమని భావించరాదు. బావికి గట్టు ఉన్నది, పట్టుకొనడానికి మెట్టు ఉన్నది. చెరువు నడుమన, సముద్రంలోన అవేవీ ఉండవు. అలలు ముఖాన కొడతాయి, ప్రక్కవారి కాళ్ళు తగులుతాయి, అడుగు కనిపించదు. తల పైకెత్తి ఈదే అలవాటు గలవారికి నడుము క్రిందికి దిగి, కొద్ది దూరానికే ఆయాసం వస్తుంది. ముఖాన్ని నీటిలో ఉంచి, నీటిలోనే ఊపిరి వదలి, ప్రక్కకు తిరిగి గాలి పీల్చడం నేర్చుకొనాలి. అంతకన్నా ముందు నేర్వవలసినది వెల్లకిలా తేలడం. ఊపిరాడనప్పుడు వెల్లకిలా తిరిగి, చేయి పైకెత్తి సహాయం కోరాలి. రక్షక పడవను పట్టుకొని సేదదీరడం నిబంధనలకు విరుద్ధం కాదు; దాని సాయంతో ముందుకు కదలకుంటే చాలు. ఈ ఒక్క నియమం తెలియక, పోటీ పోతుందన్న భయంతో నీటిలో పెనగులాడేవారు ఉంటారు.

ఒంటరిగా ఈదరాదు. వరద నీటిలో, పారే కాలువలో, నీరు నిండిన క్వారీ గుంటలలో సాధన చేయనే కూడదు. మన పల్లెల్లో ఈత నేర్పేటప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టడం ఎరిగినదే. ఇప్పుడు బయటి నీటిలో ఈదేవారు నడుముకు రంగుల తేలుబుడగ కట్టుకొంటారు. అది దూరం నుండి మనిషి కనిపించడానికి ఉద్దేశించినది. ఈత రానివారికి రక్షణ కవచం కాదు.

సాధన క్రమం

ఆరోగ్యవంతులై, కొద్దిగా ఈత వచ్చినవారికి స్ప్రింట్ దూరానికి సుమారు పన్నెండు వారాల సాధన చాలును. వారానికి ఒక్కొక్క అంశానికి రెండేసి పూటలు, ఒక రోజు పూర్తి విశ్రాంతి – ఇది అనుకూలమైన ఏర్పాటు. ఇరవై ఐదు మీటర్ల కొలనులో 750 మీటర్లంటే ముప్పై నిడివులు. మొదటి వారం నాలుగు నిడివులు ఈది ఆగినా సిగ్గుపడనక్కరలేదు. ప్రతి వారం కొంచెం పెంచుతూ, నాలుగవ వారం తగ్గించి దేహానికి కోలుకొనే వ్యవధి ఇవ్వాలి.

వేగాన్ని కొలవడానికి గడియారం కన్నా మాట మేలు. పరుగెత్తుతూ ప్రక్కవారితో పూర్తి వాక్యం చెప్పగలిగితే అది తగిన వేగం. సాధనలో అధిక భాగం ఈ వేగంలోనే సాగాలి. రోజూ ఎగశ్వాసతో పరుగెత్తేవారికి మోకాళ్ళ నొప్పులు త్వరగా ఎదురవుతాయి.

సైకిలు దిగి వెంటనే పరుగెత్తినప్పుడు కాళ్ళు బరువెక్కి తమవి కానట్లు తోస్తాయి. అందుకే వారానికొకసారి సైకిలు తరువాత పది నిమిషాలైనా పరుగెత్తాలి. దీనికి ఔత్సాహికులు పెట్టుకొన్న పేరు ‘బ్రిక్’, అనగా ఇటుక.

ప్రతి దినం ఒక నోటుపుస్తకంలో చేసిన దూరం, నిద్ర, ఉదయం లేవగానే నాడి వేగం వ్రాసుకొనడం మంచిది. నాడి కొన్నాళ్ళుగా మామూలు కన్నా హెచ్చుగా ఉండి, నిద్ర పట్టక, చిరాకు పెరిగితే సాధన మితిమీరినదని అర్థం. తోటివారితో అనుభవాలు పంచుకొనేటప్పుడు గెలిచిన రోజులనే కాక ఆగిపోయిన రోజులను కూడా చెప్పుకొనేవారి మాట క్రొత్తవారికి ఎక్కువ మేలు చేస్తుంది.

పరికరాలు, ఖర్చు

తప్పనిసరి వస్తువులు కొద్దివే: ఈత కళ్ళద్దాలు, టోపీ, హెల్మెట్, మంచి స్థితిలో ఉన్న సైకిలు, పాదానికి సరిపడే బూట్లు. లక్షల రూపాయల సైకిలు క్రొత్తవారికి అవసరం లేదు. రెండు బ్రేకులూ పనిచేసే సాధారణ గేరు సైకిలు మొదటి పోటీకి చాలును. హ్యాండిల్ చివరలు మూసి ఉండాలన్నది నియమం. మడమను పెడలుపై ఉంచి క్రిందికి దించినప్పుడు కాలు నిటారుగా చాచుకొనేంత ఎత్తున సీటు ఉండాలి. అదనపు ట్యూబు, చిన్న పంపు వెంట ఉంచుకొని, పంక్చరు వేయడం ఇంటివద్దనే నేర్చుకొనాలి. చలి దేశాల వారు ఈతకు తొడిగే రబ్బరు దుస్తులు మన వెచ్చని నీటికి అక్కరలేదు. నీరు వెచ్చగా ఉన్న పోటీలలో వాటిని అనుమతించరు కూడా. డబ్బు వెచ్చించదలచినవారు ముందుగా ఈత శిక్షకునికి, ఆ పిమ్మట హెల్మెట్‌కు వెచ్చించుట ఉత్తమం.

ఎండ, దాహం

1978 నాటి పోటీలో ముందున్న జాన్ డన్‌బార్ వద్ద నీరు నిండుకొనగా సహాయకులు బీరు అందించారు. తూలుతూ అతడు రెండవ స్థానంతో సరిపెట్టుకొన్నాడు. 1982లో జూలీ మాస్ గమ్యానికి కొద్ది గజాల దూరంలో కూలబడి, వెనుకనున్న యువతి దాటిపోగా, ప్రాకుతూ గీత చేరింది. 2016లో మెక్సికోలోని కోజుమెల్‌లో ఎండదెబ్బకు తూలుతున్న జానీ బ్రౌన్లీని అన్న అలిస్టర్ భుజాన పట్టుకొని గీత దాటించాడు. ఆరితేరినవారినే ఎండ ఇంతగా లొంగదీసినది. వేడికి దేహం అలవాటుపడడానికి పది నుండి పద్నాలుగు రోజులు పడుతుంది.

నీరు తక్కువైనా ముప్పే, మితిమీరినా ముప్పే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందిని పరీక్షించగా నూటికి 13 మందికి రక్తంలో సోడియం తగ్గినట్లు తేలింది. అతిగా త్రాగి బరువు పెరిగినవారికి ఆ ముప్పు అధికం. గంట సాధనకు ముందు, తరువాత తూకం చూసుకొంటే సంగతి తెలుస్తుంది. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్లు. బరువు పెరిగితే అవసరానికి మించి త్రాగినట్లు. సాధనలో పరీక్షించి చూడని ఆహారం గాని, పానీయం గాని పోటీ రోజున ముట్టరాదు.

పెద్దలు అడుగవలసినవి

ఇంటి బిడ్డ పోటీకి పేరు ఇచ్చినప్పుడు వద్దని వారించే ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. ఆగకుండా ఎంత దూరం ఈదగలవు? నీతో ఈదేది ఎవరు? వైద్యునికి చూపించుకొన్నావా? నీటిలో రక్షక పడవలు ఎన్ని ఉంటాయి? వీటికి తడబడకుండా సమాధానం వస్తే ఆశీర్వదించి పంపవచ్చును. రాకుంటే పోటీ వచ్చే ఏడు కూడా జరుగుతుందని, ఈలోగా ఈత నేర్చుకొమ్మని నచ్చజెప్పండి.