చిన్నబడిని పెద్దబడిగా మార్చే 32

ఆన్‌లైన్ దరఖాస్తులో పేరును చిన్నబడిలో టైపు చేసినా, చాలాసార్లు రసీదు మీద పెద్దబడిలో వస్తుంది. కంప్యూటరు ఈ మార్పు ఎలా చేస్తుంది?

కంప్యూటరుకు ప్రతి అక్షరమూ ఒక సంఖ్యే. ఆస్కీ ప్రమాణంలో పెద్దబడి 'ఎ' 65, చిన్నబడి 'ఎ' 97. 'జెడ్' వరకూ ఈ తేడా 32 మాత్రమే. ద్విసంఖ్యామానంలో 32 అంటే ఒక్క బిట్. అది 1 అయితే చిన్నబడి, 0 అయితే పెద్దబడి.

అందుకే సీ భాష నేర్చుకునేవారు 32 తీసేస్తే చాలనుకుంటారు. కానీ ముందుగా ఆ సంఖ్య 97 నుంచి 122 లోపు ఉందో లేదో చూడాలి. చూడకపోతే, 49 సంకేతం గల '1' అంకె 17గా మారుతుంది. అది అచ్చులో కనిపించే అక్షరమే కాదు.

తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు. యూటీఎఫ్-8 పద్ధతిలో 'క' అక్షరం 224, 176, 149 అనే మూడు బైట్లుగా ఉంటుంది. ఒక్కోదాని నుంచి 32 తీసేస్తే 'క' చెరిగిపోతుంది.

సీ లైబ్రరీలోని 'టుఅప్పర్' ఫంక్షన్ ఈ పరీక్షను తానే చేస్తుంది. అయితే చాలా కంప్యూటర్లలో 'చార్' రకం 127 దాటిన బైట్లను రుణసంఖ్యలుగా చదువుతుంది. వాటిని అలాగే అందిస్తే ఫలితానికి హామీ లేదు. ముందు 'అన్‌సైన్డ్ చార్'గా మార్చి ఇవ్వాలి.

ఇంగ్లిషు, తెలుగు కలిసి ఉండే దరఖాస్తుల్లో ఈ చిన్న జాగ్రత్తే మన పేరును కాపాడుతుంది.